పారణ లేని ఉపవాసము

ఉదయపు అర్చన ముగిసి తీర్థప్రసాదములు ఇచ్చు వేళ, పట్టణములలోని ఆలయములలో ఇటీవల ఒక క్రొత్త దృశ్యము కనబడుచున్నది. భక్తుడు శఠగోపము శిరస్సున ధరించి, తీర్థము స్వీకరించి, ప్రసాదము దగ్గరకు వచ్చుసరికి చేయి వెనుకకు తీసికొనును. "వద్దు స్వామీ, షేక్ మీద ఉన్నాను" అనును. ఉదయము ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు పొడి కలిపిన పానీయము. మధ్యాహ్నము మాత్రము కొద్దిగా భోజనము. మూడు నెలలలో పది కిలోలు తగ్గవలెనని సంకల్పము. ప్రసాదమును కాదన్నందుకు ఆయన మనస్సులో ఒక మూల బాధ కూడ ఉండును.

దీనిపై రెండు తీర్పులు వెంటనే వినబడును. "కలికాలము! అన్నము మాని పొడి త్రాగుచున్నారు" అని ఒకరు నిట్టూర్తురు. "శాస్త్రజ్ఞులు తయారుచేసినది, ఇందులో తప్పేమున్నది?" అని ఇంకొకరు ప్రశ్నింతురు. రెండును తొందరపాటు తీర్పులే. అన్నమును బ్రహ్మముగా భావించు సంప్రదాయములో పుట్టినవారు ఈ విషయమును ఇంకొంత నిదానముగా విచారింపవలెను. ఆ విచారణకు ఫలితముగా తేలునది ఇది: షేక్ ఔషధముగా వచ్చినచో దానికి చోటున్నది, అన్నముగా వచ్చి కూర్చున్నచో చోటు లేదు. ఈ రెంటి నడుమ గీత ఎక్కడ ఉన్నదో తెలిసికొనుటయే సాధకుని పని.

స్థూలకాయము పాపఫలము కాదు

మొదట ఒక దురభ్యాసమును వదలవలెను. బరువు ఎక్కువగా ఉన్నవారిని చూచి "నాలుక కట్టుకోలేరు" అని పరిహసించుట మన ఇండ్లలో, పెండ్లి పందిళ్ళలో, చివరకు ఆలయ ప్రాంగణములలో సైతము సాధారణమైపోయినది. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 నాటిది. దాని ప్రకారము ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతము, తెలంగాణ స్త్రీలలో 30.1 శాతము అధిక బరువు లేదా స్థూలకాయము కలవారు. దేశమంతటికి ఆ సంఖ్య 24 శాతము. ముగ్గురిలో ఒకరికి ఉన్న స్థితిని ఒక్కొక్కరి వ్యక్తిగత దోషముగా లెక్కించుట న్యాయము కాదు.

చరక సంహిత సూత్రస్థానములో ఇరువది యొకటవ అధ్యాయము ఈ విషయమునకే ఉద్దేశింపబడినది. లోకము నిందించు ఎనిమిది విధముల దేహములలో అతిస్థూలమును ఒకటిగా చరకుడు పేర్కొనెను. అయితే ఆయన నింద దగ్గర ఆగలేదు, కారణములు చెప్పెను. అతిభోజనము, గురు మధుర స్నిగ్ధ పదార్థములు, వ్యాయామము లేకపోవుట, పగటి నిద్ర మొదలైనవానితో పాటు బీజస్వభావమును కూడ చేర్చెను. అనగా తల్లిదండ్రుల నుండి సంక్రమించినది. ఇంకొక సూక్ష్మమును కూడ ఆయన గమనించెను. మేదస్సు స్రోతస్సులను అడ్డగించుటచేత వాయువు కోష్ఠములోనే సంచరించి జఠరాగ్నిని రగుల్చును. అందుచేత స్థూలకాయునికి ఆకలి ఇతరులకన్న తీవ్రముగా ఉండును. సన్ననివాడు తన ఆకలితో పోల్చుకొని ఎదుటివాని ఆకలిని దురాశ యనరాదని దీనివలన తెలియుచున్నది.

షేక్ డబ్బా ఇంటికి తెచ్చుకొన్నవారిలో అనేకులు ఎన్నో అవమానములు దిగమ్రింగినవారు. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేక కొండ క్రిందనే నమస్కరించి వచ్చినవారు, మధుమేహ భయముతో నిద్రపట్టనివారు వారిలో కలరు. వారి సంకల్పము గౌరవింపదగినది. విచారింపవలసినది వారు ఎన్నుకొన్న మార్గమును మాత్రమే.

డబ్బాలో ఉన్నదేమి?

షేక్ పొడిలో రహస్యమేమియు లేదు. పాల నుండి గాని సోయా నుండి గాని తీసిన మాంసకృత్తులు, పిండిపదార్థము, కొంత పీచు, విటమిన్లు, ఖనిజలవణములు, రుచికొరకు తీపి, వాసన. ఒక గ్లాసులో సాధారణముగా 200 నుండి 250 కేలరీల శక్తి, 15 నుండి 20 గ్రాముల మాంసకృత్తులు ఉండును. మూడు మారులు వడ్డించుకొన్న అన్నము, నేయి, పప్పు, వేపుడు, అప్పడముతో కూడిన మన భోజనము 700 కేలరీలను సులభముగా దాటును. ఒక పూట భోజనమునకు బదులు షేక్ త్రాగినచో దినమునకు 450 నుండి 500 కేలరీలు తగ్గును. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు నిలువ ఉండును గనుక, లెక్క ప్రకారము పక్షము దినములకు కొంచెము అటునిటుగా ఒక కిలో తగ్గవలెను. మొదటి వారములో కనబడు వేగమునకు కారణము చాలవరకు నీరు పోవుటయే. కొవ్వు కరగుట కాదు.

కాబట్టి పనిచేయుచున్నది పొడి కాదు, రాశి. ఆహారవిధికి ఆధారములైన ఎనిమిది విషయములను చెప్పుచు చరకుడు రాశిని, అనగా పరిమాణమును, వానిలో ఒకటిగా ఉంచెను. షేక్ చేయు ఉపకారమంతయు ఇంతే: తిను మనిషి చేతిలోనుండి గరిటెను తీసికొని, కొలతను డబ్బాలోని చెంచాకు అప్పగించును. తన చేతిని తాను నిగ్రహింపలేని వేళ అది కూడ ఒక సహాయమే. అయితే ఆ నిగ్రహము డబ్బాలో నిలిచియుండును గాని మనిషిలోనికి చేరదు. డబ్బా ఖాళీ అయిన మరునాడు గరిటె మరల పాత చేతికే వచ్చును.

ఈ మార్గము క్రొత్తది కూడ కాదు. అమెరికాలో 1959లోనే మెట్రెకాల్ అను పానీయము వెలువడినది. ఒక్కొక్కటి 225 కేలరీల చొప్పున దినమునకు నాలుగు మారులు, మొత్తము 900 కేలరీలు. కొన్ని సంవత్సరములు దేశమంతయు దాని వెంట పరుగెత్తినది, తరువాత మరచినది. 1970వ దశకము చివర ద్రవరూప మాంసకృత్తుల పథ్యము ప్రబలినది. వధింపబడిన జంతువుల చర్మము, స్నాయువులు మొదలైనవాని నుండి తీసిన నాసిరకపు సారము తప్ప వేరేమియు తీసికొనకుండ కొందరు నెలల తరబడి జీవించిరి. వారిలో పదుల సంఖ్యలో ప్రజలు హృదయగతి తప్పి మరణించిరి. నేటి పొడులు అంత అపాయకరములు కావు. ఆనాటి పాఠము వలననే వానిలో మంచి మాంసకృత్తులు, లవణములు చేర్చబడుచున్నవి. అయినను శరీరము యంత్రము కాదని, దానికి ఇంధనమును ఇష్టము వచ్చినట్లు మార్చరాదని ఆ చరిత్ర హెచ్చరించుచున్నది.

సత్యమును దాచరాదు

షేక్‌ను విమర్శించువారు సాధారణముగా చెప్పని విషయమొకటి కలదు. ధర్మపక్షమున మాట్లాడువారు దానిని మరుగుపరుపరాదు. బ్రిటన్‌లో డైరెక్ట్ అను పేరుతో ఒక పరీక్ష జరిగినది. దాని మొదటి ఫలితములు 2017 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. మధుమేహము వచ్చి ఆరు సంవత్సరములు దాటని రోగులు సుమారు 300 మంది అందులో పాల్గొనిరి. వారిలో సగముమందికి మూడు నుండి అయిదు నెలలు దినమునకు 825 నుండి 853 కేలరీల షేక్‌లు, సూప్‌లు మాత్రమే ఇచ్చిరి. సంవత్సరాంతమున ఆ వర్గములో 46 శాతము మందికి మందులు లేకుండనే మధుమేహము ఉపశమించినది; సాధారణ చికిత్స పొందిన రెండవ వర్గములో 4 శాతము మందికే అట్లు జరిగినది. ఇది చిన్న విషయము కాదు. మధుమేహముతో కంటిచూపు, కాలివ్రేళ్ళు, మూత్రపిండములు పోగొట్టుకొను బంధువులను చూచినవారికి ఈ సంఖ్య విలువ తెలియును.

అయితే ఆ పరీక్ష ఎట్లు జరిగినదో కూడ తెలియవలెను. మొదటి దినముననే వైద్యుల ఆజ్ఞతో మధుమేహపు మందులు, రక్తపోటు మందులు నిలిపివేసిరి. శిక్షణ పొందినవారు రోగులను వెన్నంటి ఉండిరి. షేక్‌ల కాలము ముగిసిన తరువాత, రెండు నుండి ఎనిమిది వారములపాటు సామాన్యాహారమును మెట్టుమెట్టుగా తిరిగి ప్రవేశపెట్టిరి. ఆ పిదప కూడ నెలనెలా పర్యవేక్షణ ఉండెను. అంత చేసినను, రెండవ సంవత్సరాంతమునకు ఉపశమనము నిలిచినవారు 36 శాతము. పర్యవేక్షణ కొనసాగిన వర్గములో అయిదవ సంవత్సరమునకు 13 శాతము. మరల అన్నము ముందు కూర్చొని, తగినంతయే తిని లేచుట కష్టమైనది.

పారణ

ఈ దేశములో ఉపవాసమెరిగిన ముదుసలులకు ఈ విషయము ఏ పరీక్షయు లేకుండనే తెలియును. ఏకాదశీవ్రతము ఏకాదశితో ముగియదు, ద్వాదశీపారణతో ముగియును. పారణ లేని ఉపవాసము అసంపూర్ణము. భాగవతము నవమస్కంధములోని అంబరీషోపాఖ్యానము అంతయు ఈ పారణ చుట్టునే నడచినది. అతిథియైన దూర్వాసుడు నదికేగి తిరిగి రాలేదు. ద్వాదశీ ఘడియలు దాటిపోవుచున్నవి. అతిథికన్న ముందు భుజించుట దోషము, పారణకాలము తప్పుట దోషము. అంబరీషుడు పెద్దలను విచారించి జలము మాత్రము స్వీకరించి రెండు ధర్మములను కాపాడెను. అన్నమును విడుచుటకు ఎంత నియమమున్నదో అన్నమునకు తిరిగి వచ్చుటకు అంత నియమమున్నదని ఆ కథ బోధించుచున్నది.

నేడు ఇండ్లలో జరుగుచున్న షేక్ వ్రతములలో ఎన్నింటికి పారణ కలదు? డబ్బా అమ్మినవారు త్రాగు విధానము చెప్పుదురు, మానువిధానము చెప్పరు. చెప్పినచో రెండవ డబ్బా అమ్ముడుపోదు. కావుననే మూడు నెలలు నిష్ఠగా త్రాగినవారు, ఒక పెండ్లి విందుతోనో, సంక్రాంతి అరిసెలతోనో వ్రతభంగము చేసికొని, "నా వలన కాదు" అని నిరాశపడి, తగ్గినదానికన్న ఎక్కువ పెరుగుదురు. తరువాత మరల డబ్బా. ఈ చక్రములో దేహముకన్న ముందు ఆత్మవిశ్వాసము క్షీణించును.

గీతలోని ద్వితీయాధ్యాయములో భగవానుడు చెప్పిన సూక్ష్మమును ఇక్కడ స్మరింపవలెను. నిరాహారునికి విషయములు దూరమగును గాని వానియందలి రుచి మిగిలియుండును. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో 1944-45లో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు మాసములు అర్ధాహారము పెట్టి పరిశీలించెను. వారి దేహము కృశించినది; మనస్సు మాత్రము రాత్రింబవళ్ళు ఆహారము చుట్టునే తిరిగినది. అంతకు ముందు వంటింటి వైపు చూడనివారు కూడ వంటల పుస్తకములు చదువుచు కూర్చుండిరి. నోరు కట్టివేయుట వేరు, రుచిని జయించుట వేరు. షేక్ మొదటిదానిని చేయును. రెండవది దాని వలన కాదు. అందుకే ఆరవ అధ్యాయములో భగవానుడు అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము లేదని చెప్పి, యుక్తాహారమును విధించెను.

షేక్ అన్నమగునా?

ఇక తాత్త్వికమైన ప్రశ్న. "పోషకములన్నియు ఉన్నవి గదా, అన్నమునకు దీనికి భేదమేమి?" అని యువకులు అడుగుదురు. కొందరు దీనికి సమాధానముగా, ఎన్నడో తయారైన పొడి గనుక ఇది గీత పదునేడవ అధ్యాయము చెప్పిన తామసాహారమని తేల్చివేయుదురు. ఆ వాదము నిలువదు. ఆ లెక్కన ఆవకాయ, వడియములు, అటుకులు కూడ తామసములే కావలెను. వాదము బలహీనమైనచో సిద్ధాంతమునకు కూడ అపకీర్తి వచ్చును.

భేదము వేరొకచోట ఉన్నది. తైత్తిరీయోపనిషత్తు అన్నమయకోశముతో ఆరంభించి ఆనందమయము వరకు తీసికొనిపోయినది. భృగువు తపస్సు చేసి మొదట తెలిసికొన్నది అన్నమే బ్రహ్మమని; తరువాత అంతకు మించినవానిని కూడ తెలిసికొనెను గాని అన్నమును నిందింపరాదను వ్రతము మాత్రము నిలిచియున్నది. అన్నమనగా పోషకముల మొత్తము కాదు. వర్షము, భూమి, రైతు చెమట, దంచిన చేయి, వండిన తల్లి, దేవునికి నివేదన, అతిథికి భాగము, కాకికి ఒక ముద్ద, ప్రక్కన కూర్చున్నవానితో మాట: ఇంత యజ్ఞము కలిసినది అన్నము. విస్తరి ముందు కూర్చొని ఔపోసనము పట్టి పంచప్రాణములకు ఆహుతులు సమర్పించి తిన్న మనిషి, తాను ఈ యజ్ఞములో ఒకడినని దినమునకు రెండు మారులు జ్ఞప్తి చేసికొనును. నిలువుకాళ్ళమీద గ్లాసు ఖాళీ చేసి కారు తాళము తీసికొన్నవానికి ఆ జ్ఞప్తి ఎక్కడనుండి వచ్చును?

ఎక్కువగా నష్టపోవుచున్నది గృహిణి. భర్తకు, పిల్లలకు, అత్తమామలకు వండి వడ్డించి, తాను మాత్రము గట్టు దగ్గర నిలబడి గ్లాసు త్రాగుచున్నది. వెనుకటి కాలమున అందరు తిన్న తరువాత మిగిలినది తినెడిది. నేడు అది కూడ లేదు. పంక్తిలో ఆమె స్థానము ఖాళీగా ఉన్నది. పది పదునొకండేండ్ల కూతురు దీనిని ప్రతిదినము గమనించుచున్నది. స్త్రీయైనచో అన్నమునకు భయపడవలెనని, తన దేహము సరిదిద్దవలసిన తప్పు అని ఆ పిల్ల ఎవరును చెప్పకయే నేర్చుకొనుచున్నది. తల్లి తగ్గించుకొన్న పది కిలోలకు ఇంటిలో చెల్లింపబడు అసలు మూల్యమిది.

అట్లని షేక్ త్రాగు ప్రతివాడును అన్నద్రోహి కాడు. రాత్రి రెండు గంటలకు పని ముగించుకొని వచ్చి, వండిపెట్టువారు లేక, బిర్యానీ పొట్లము తెప్పించుకొను హైదరాబాదు యువకునికి, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒంటరిగా ఉన్న తెలుగు విద్యార్థికి, ఆ పొట్లముకన్న షేక్ మేలే. తక్కువ కీడును ఎన్నుకొనుట వివేకమే. దానినే ఆదర్శమనుకొనుట మాత్రము వివేకము కాదు.

చరకుని ఉపదేశము

స్థూలకాయునికి ఏమి పెట్టవలెనను విషయములో చరకుడు చెప్పినది ఆశ్చర్యకరముగా షేక్‌నకు విరుద్ధమైనది. ఆహారము గురువుగా ఉండవలెను, అపతర్పణముగా ఉండవలెను. అనగా జీర్ణమగుటకు సమయము పట్టవలెను గాని దేహమును పెంచరాదు. రగులుచున్న జఠరాగ్నికి ఎక్కువసేపు పని కల్పించుట దీనిలోని యుక్తి. షేక్ ద్రవరూపము, నమలవలసినది లేదు, కడుపును త్వరగా దాటిపోవును, గంట రెండు గంటలకే ఆకలి మరల వచ్చి కూర్చొనును. ద్రవముగా త్రాగిన కేలరీలు, నమిలి తిన్నవానంత తృప్తి నీయవని ఆధునికులు కూడ చెప్పుచున్నారు.

ఆ అధ్యాయమున చరకుడు పేర్కొన్న ధాన్యములు తెలుగునాట అంగడిలో నేటికిని దొరకును: కొర్రలు, చామలు, యవలు, జొన్నలు, ఆరికలు, పెసలు, ఉలవలు. రాయలసీమ, తెలంగాణ పల్లెలలోని జొన్నరొట్టె, ఉలవచారు, పెసరకట్టు, పలుచని మజ్జిగ ఈ ఉపదేశమునకు నడచుచున్న వ్యాఖ్యానములు. వీని కొరకు వేల రూపాయల డబ్బా కొననక్కరలేదు. వ్యాయామాదులను పెంచుకొను విషయములో కూడ ఆయన వాడిన మాట "క్రమముగా" అని. మూడు నెలలలో పది కిలోలను ప్రకటన ఆ ఒక్క మాట ముందు నిలువజాలదు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే మాసమున విడుదల చేసిన ఆహార మార్గదర్శకములలో, దేహపుష్టి కొరకు ప్రోటీన్ పొడులు వాడవద్దని సలహా ఇచ్చినది. ధాన్యములు, పప్పులు, పాలు, కూరగాయలు, గింజలు కలిసిన నిత్యాహారమునే ప్రోత్సహించినది. ప్రాచీనము, నవీనము ఇక్కడ ఒకే దిక్కునకు చూపుచున్నవి.

ఆలయము చేయవలసినది

భక్తుని తప్పులను లెక్కించునప్పుడు ఆలయము తన వైపు కూడ చూచుకొనవలెను. ప్రసాదమనగా అనుగ్రహము, దాని ప్రమాణము చేతిలో పట్టునంత. నేడు అనేకచోట్ల దొన్నె నిండ పులిహోర, దానిపై చక్కెరపొంగలి, చేతిలో లడ్డు పెట్టి, అల్పాహారశాలగా మార్చినది ఎవరు? అన్నదాన పంక్తిలో "చాలు" అన్నవారికి కొసరి కొసరి వడ్డించుట భక్తి యగునా? మధుమేహి దర్శనమునకు వచ్చి, ప్రసాదమునకు భయపడి ప్రక్కద్వారమున వెళ్ళిపోవు స్థితి రారాదు. అడిగినవారికి నాలుగు మెతుకులు, ఒక తులసీదళము ఇచ్చుటకు అర్చకులు సంకోచింపరాదు. భక్తుడు కూడ ప్రసాదమును నిరాకరింపనక్కరలేదు. ఒక్క మెతుకు కన్నుల కద్దుకొని నోట వేసికొన్నచో ఏ పథ్యమును చెడదు. అనుగ్రహమునకు కేలరీలు లేవు. దొన్నెకు మాత్రము కలవు.

ఏ నామము స్మరింతురు?

సంప్రదాయములో విష్ణు షోడశనామ స్తోత్రమొకటి ప్రసిద్ధము. ఏ సందర్భమున స్వామిని ఏ నామముతో తలంపవలెనో అది చెప్పును. ఔషధము సేవించునప్పుడు విష్ణువు, భోజనము చేయునప్పుడు జనార్దనుడు. పెద్దలు ఈ రెంటిని వేరుచేసి చెప్పుటలో గొప్ప వివేకమున్నది. షేక్ గ్లాసు చేతికి తీసికొన్నవారు తమను తాము ప్రశ్నించుకొనవలసినది ఇదియే: ఇప్పుడు ఏ నామము స్మరింపవలెను?

విష్ణువు అన్నచో అది ఔషధము. ఔషధమునకు వైద్యుడుండవలెను, మాత్ర ఉండవలెను, అవధి ఉండవలెను. డబ్బా అమ్ము పొరుగింటివారు ఎంత ఆప్తులైనను వైద్యులు కారు. మధుమేహమునకు ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించు మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగకుండ ఆహారమును ఒక్కసారిగా తగ్గించినచో రక్తములో చక్కెర పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, పిల్లలు, వృద్ధులు, మూత్రపిండ రోగులు ఈ మార్గమును తమంత తాము పట్టరాదు. అతివేగముగా బరువు తగ్గినవారికి పిత్తాశయములో రాళ్ళు ఏర్పడుట, కొవ్వుతో పాటు కండ కూడ కరగుట తెలిసిన విషయములే. శాకాహారులు డబ్బాపై ఆకుపచ్చ చుక్కను చూచుకొనవలెను. ఏకాదశినాడు దీనిని ఫలాహారముగా లెక్కించుట కూడ సరికాదు. వీనిలో అనేకమునకు మొక్కజొన్న, సోయా మూలపదార్థములు.

జనార్దనుడు అన్నచో అది భోజనము. అప్పుడు దానికి భోజనధర్మములన్నియు వర్తించును: కూర్చొనవలెను, నివేదింపవలెను, పంచుకొనవలెను, మనస్సు పెట్టి భుజింపవలెను. రెండు సంవత్సరములుగా ప్రతి ఉదయము షేక్ త్రాగుచున్నవారు దానిని ఔషధమనలేరు, అవధి లేదు గనుక. భోజనమనలేరు, ఆ ధర్మములేవియు లేవు గనుక. రెండు నామములకును అందని స్థితి అది. అక్కడనుండి బయటపడుటకే పారణ కావలెను.

బరువు తగ్గక తప్పనివారు మండలదీక్ష పద్ధతిని అనుసరింపవచ్చును. వైద్యుని సంప్రదించి, అవధిని ముందే నిర్ణయించి సంకల్పము చేసికొనవలెను. షేక్ అవసరమైనచో ఒక పూటకే పరిమితము చేయవలెను. మిగిలిన పూట కుటుంబముతో పంక్తిలో కూర్చొని, కడుపులో సగము అన్నవ్యంజనములకు, పాతిక జలమునకు, పాతిక వాయుసంచారమునకు విడిచి లేవవలెను. రాత్రిభోజనము ప్రొద్దుగల్ల ముగింపవలెను. ప్రదక్షిణములు పెంచుకొనవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, దీక్ష ముగిసిన మరునాటి నుండి ఏమి వండవలెను, ఎంత తినవలెను అను పారణవిధిని దీక్షకు ముందే ఇంటివారితో కలిసి వ్రాసికొనవలెను. ఆ కాగితము సిద్ధము కానంతవరకు డబ్బా మూత తీయరాదు.

దేహము దేవాలయమని నోటితో అనుట సులభము. ఆ ఆలయమునకు జీర్ణోద్ధరణము అవసరమైనప్పుడు స్థపతి నిత్యనైవేద్యము ఆగిపోకుండ పని చేయును; పరంజ వేయును, పని ముగిసిన తరువాత పరంజ విప్పును. షేక్ పరంజ వంటిది. పరంజనే గోపురమనుకొని దానికి హారతి పట్టరాదు. స్వస్తి.